గంజాము సీమలో బోదకాలు

1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము మద్రాసు రాజధాని నుండి విడివడి, కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరింది. సరిహద్దు మారినా బరంపురం పట్టుమగ్గాల వద్ద తెలుగు మాట ఆగలేదు. బోదకాలూ ఆగలేదు. శ్రీకాకుళం నుండి పూరీ దాకా కోస్తా పొడుగునా ఆ రోగానిది ఒకటే తీరు.

పూర్వకర్మ అన్నవారున్నారు, నీటిదోషం అన్నవారున్నారు. పాతనీరు నిలిచే చల్లని ప్రదేశాలలో శ్లీపదం ఎక్కువని సుశ్రుత సంహితలోనే ఉన్నది. ఆ మాటలో సగం నిజం కలదు. దోషం నీరు త్రాగడంలో లేదు. ఆ నీటిలో పుట్టే దోమలో ఉన్నది.

1872లో కలకత్తాలో లూయిస్ అనే వైద్యుడు మనిషి రక్తంలో సన్నని పురుగుపిల్లలను చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో బాన్‌క్రాఫ్టు పెద్ద పురుగును కనుగొన్నాడు. 1877లో చైనాలోని అమాయ్ రేవులో మాన్సను, ఆ పిల్లలు దోమ ఒంట్లో ఎదగడం కనిపెట్టాడు. పెద్ద పురుగులు శోషరస నాళాలలో కాపురముండి వాటిని చెడగొట్టగా, రసం దిగక కాలు వాస్తుంది. మగవారికి వరిబీజం కూడ వస్తుంది. పిల్లలు రక్తంలో తిరిగేది రాత్రివేళ. మురుగుకాలువల క్యూలెక్సు దోమ కుట్టేదీ రాత్రివేళే. అందుకే పరీక్షకు రాత్రిపూట రక్తం తీస్తారు.

మందు విషయంలో మనం గర్వించదగిన సంగతి ఒకటున్నది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై ఉండగా, 1947లో అక్కడి నుండే డైఇథైల్ కార్బమజీన్ వెలువడింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. 1949 నుండి 1954 వరకు ఒరిస్సాలోనే ప్రయోగాత్మకంగా బోదవ్యాధి నివారణ పథకం నడిచింది. దాని అనుభవంతో 1955లో జాతీయ పథకం ఆరంభమయింది. తరువాత 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా ఇంటింటికీ మాత్రలు పంచసాగారు. 2007లో అల్బెండజోల్ కూడ చేర్చారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. “నాకేం రోగం? మాత్ర ఎందుకు?” అని చాలామంది మాత్ర పుచ్చుకొని మింగరు. పురుగు ఒంట్లో ఏండ్లపాటు ఏ గుర్తూ లేకుండ ఉండగలదు. ఆరోగ్యంగా కనబడే ఆ మనిషి నుండే దోమ దానిని పక్కింటి పసివానికి చేరుస్తుంది. గర్భిణులు, రెండేండ్లలోపు పిల్లలు, తీవ్రరోగులు తప్ప తక్కిన అందరూ వేసుకొంటేనే ఆ గొలుసు తెగుతుంది.

బాగా ముదిరిన వాపు మాత్రతో తగ్గదు. అట్టివారు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళసందులు తడిలేకుండ తుడిచి, కూర్చున్నపుడు ఎత్తున పెట్టుకొంటే జ్వరాలూ పుండ్లూ తగ్గుతాయి. ఆ కాలును చూచి సంబంధం వదలుకోవడం, పంక్తిలో దూరం జరగడం మాత్రం మనం మానవలసిన రోగం.

పండుగకు ఊరు వెళ్ళే సోదరసోదరీమణులారా! ఇంట పెద్దలను కుశలమడిగినపుడు, ఈ ఏటి మాత్ర మింగారా, గూట్లో దాచారా అని కూడ అడగండి. పెరటి మురుగు ఒకసారి చూచి రండి. వేపపువ్వు చేదును ఏటేటా నవ్వుతూ మింగేవారమే గదా మనం!