పాచిలో కదిలిన ప్రాణులు

హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసిన ఆంటొనీ వాన్ లేవన్‌హుక్‌కి పళ్ల శుభ్రం మీద పట్టింపు ఎక్కువ. రోజూ పొద్దున్నే ఉప్పుతో తోముకుని నీళ్లు పుక్కిలించేవాడు. తిన్నాక పుల్లతో సందులు శుభ్రం చేసుకుని, గుడ్డతో రుద్దుకునేవాడు. తన వయసులో ఇంత తెల్లని పళ్లు కొద్దిమందికే ఉంటాయని ఆయనే రాసుకున్నాడు కూడా.

అయినా పళ్ల సందుల్లో తెల్లటి పాచి మిగిలేది. దాన్ని వాననీటిలో కలిపి, స్వయంగా చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూస్తే ప్రాణులు! కొన్ని చేపల్లా దూసుకుపోతున్నాయి, కొన్ని గిర్రున తిరుగుతున్నాయి. 1683 సెప్టెంబరులో ఈ సంగతి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. నోటి బాక్టీరియా గురించి మనకు తెలిసిన కథ అక్కడ మొదలైంది.

జన్మలో పళ్లు తోమని ఓ ముసలాయన పాచినీ తీసి చూశాడు (ఎలా అడిగాడో!). అందులో నీళ్లకే ప్రాణం వచ్చినట్టుందట.

నాకు మాత్రం ఆ ఉత్తరంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది వెనిగర్ ప్రయోగం. బయటికి తీసిన పాచిలో వెనిగర్ కలిపితే ప్రాణులు చచ్చాయి. అదే వెనిగర్‌తో నోరు పుక్కిలించి చూస్తే సందుల్లోవి బతికే ఉన్నాయి. పైపొరలో ఉన్నవాటినే అది చంపుతోందని ఆయన ఊహ. ఈ బాక్టీరియా జిగురుపొర కట్టుకుని పంటిని పట్టుకుని ఉంటుంది, ద్రవం లోపలిదాకా సులభంగా దిగదు. పాచిని రుద్ది వదిలించాలి. ఆ పని వేపపుల్ల కుంచె చేసినా, బ్రష్ చేసినా ఒకటే.

పాచి పంటిని ఎలా తింటుందో తేలడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు విలోబీ మిల్లర్ 1890లో వేసిన పుస్తకంలో గుట్టు విప్పాడు: మనం తిన్న తీపినీ పిండిపదార్థాలనూ బాక్టీరియా పులియబెట్టి ఆమ్లం చేస్తుంది, ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది.

చిగుళ్ల సంగతి 1965లో డెన్మార్క్‌లో తేలింది. ఆర్హుస్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 12 మందిచేత పళ్లు తోమడం మాన్పించింది. వాళ్లలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే! 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. పాచి పెరగడంతో పాటు అందులోని రకాలూ మారిపోయాయి: మొదట గుండ్రనివి, తర్వాత పొడుగువి, చివరికి మెలికలు తిరిగినవి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక కొద్దిరోజుల్లోనే చిగుళ్లు నెమ్మదించాయి. బాక్టీరియా మాత్రం నోరు ఖాళీ చేయలేదు, మొదట్లో ఉన్న రకాలే తిరిగి పైచేయి సాధించాయి.