ట్రంకు కాల్ నాటి గుణపాఠం – ఒక ఇంజనీరింగు చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. గుమాస్తాగా రిటైరైన నాకు ఇంజనీరింగు చరిత్రతో పనేమిటని మీకు తోచవచ్చు. ఆ పని 1977 నవంబరులోనే పడింది.

19వ తేదీన దివిసీమ ఉప్పెన. మా అక్కయ్యవాళ్ళు అవనిగడ్డ దగ్గర పల్లెలో ఉండేవారు. బందరులో తెలిసినవారిద్వారా వాకబు చేద్దామని గుంటూరులో ట్రంకు కాల్ బుక్ చేశాను. రాలేదు. మళ్ళీ బుక్ చేశాను. మూడోసారి అర్జంటు అని చేశాను. నా చుట్టూ ఉన్నవారంతా అదే పనిలో ఉన్నారు. తెగకుండా మిగిలిన కొద్ది లైన్లమీద ఇన్ని బుకింగులు పడితే ఇక ఎవరికి అందుతుంది? తొమ్మిదోనాడు పోస్టుకార్డు వచ్చింది. అక్కయ్య, పిల్లలు బడి మేడమీదికెక్కి బతికారు. గొడ్లన్నీ పోయాయి.

మా మనవడు ఎం.టెక్.లో కంట్రోల్ సిస్టమ్స్, నెట్‌వర్కులు చదువుతున్నాడు. ఈ సంగతి విని, "తాతయ్యా, 1986లో అమెరికాలో కంప్యూటర్లకు జరిగిందీ ఇదే" అన్నాడు. అది పట్టుకుని వాడిచేత చెప్పించుకున్న కథ ఇది.

కథ టెలిఫోను తీగతోనే మొదలవుతుంది. దూరం పోయేకొద్దీ మాట సన్నగిల్లుతుంది గనుక దారిపొడుగునా ఆంప్లిఫయర్లు పెట్టేవారు. ఒక్కొక్కటీ మాటను కొంచెం చెడగొట్టేది. వందల ఆంప్లిఫయర్లు దాటేసరికి మాట గరగర తప్ప మిగిలేది కాదు. 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అనే బెల్ ప్రయోగశాల ఇంజనీరు హడ్సన్ నదిమీద ఫెర్రీలో న్యూయార్కు ఆఫీసుకు వెళ్తుండగా ఉపాయం తోచింది. బయటికి వచ్చినదానిలో కొంత భాగాన్ని తలకిందులుచేసి మళ్ళీ లోపలికే పంపితే, తప్పును తప్పే కొట్టేస్తుంది. గట్టితనం తగ్గుతుంది, స్పష్టత వస్తుంది. దీనినే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. చేతిలో వేరే కాగితం లేక న్యూయార్క్ టైమ్స్ పేజీమీదనే బొమ్మ గీసి, సంతకంచేసి తేదీ వేశాడు. ఆఫీసుకు చేరగానే సాక్షి సంతకం కూడా చేయించాడు. మన సెక్షన్లో అయితే ఇతనికి సూపరింటెండెంటు ప్రమోషను ఖాయం!

ఇంత జాగ్రత్తపడినా 1928లో పెట్టిన పేటెంటు దరఖాస్తు 1937 డిసెంబరులోగాని మంజూరు కాలేదు. తొమ్మిదేళ్ళు! ఫైళ్ళు నిద్రపోవటం మన దేశంలోనే ఉందనేవారు గమనించగలరు. బ్రిటిషు పేటెంటు కార్యాలయమైతే, ఇంధనం లేకుండా తిరిగే యంత్రం కనిపెట్టామని వచ్చేవారి జాబితాలో ఇతన్నీ చేర్చి చూసిందట.

వారి అనుమానం మరీ అన్యాయం కాదు. పెళ్ళిపందిట్లో స్పీకరు మోత మైకులోకి తిరిగివచ్చి చెవులు చిల్లులుపడేలా కూయటం మనందరం ఎరుగుదుము. తిరిగివచ్చింది వేళతప్పి వస్తే ఆంప్లిఫయరూ అలాగే కూస్తుంది. ఎప్పుడు కూస్తుందో కాగితంమీద గీత గీసి ముందే చెప్పే పద్ధతిని 1932లో హారీ నైక్విస్ట్ ఇచ్చాడు. 1907లో స్వీడన్ నుంచి వలసవచ్చి, 1917లో యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నవాడు. తరువాత ఈ విద్య టెలిఫోను కంపెనీని దాటి విశ్వవిద్యాలయాల్లో పెద్ద శాస్త్రంగా పెరిగింది.

ఆ పెంచినవారిలో మనవారూ ఉన్నారు. 1947లో గుంటూరులో పుట్టిన మతుకుమల్లి విద్యాసాగర్‌గారు గణితాచార్యులు ఎం.వి. సుబ్బారావుగారి కుమారులు. 1969లో విస్కాన్సిన్‌లో డాక్టరేటు పొంది కెనడాలో అధ్యాపకులయ్యారు. 1975లో బర్కిలీ ఆచార్యుడు చార్లెస్ డిసోయర్‌తో కలిసి ఫీడ్‌బ్యాక్ వ్యవస్థలమీద వ్రాసిన గ్రంథం ఈ శాస్త్రంలో పేరుపొందింది. ఆ డిసోయర్ కూడా అంతకుముందు బెల్ ప్రయోగశాలలో పనిచేసినవాడే. విద్యాసాగర్‌గారు 1989లో బెంగుళూరులో రక్షణశాఖవారి కృత్రిమమేధ, రోబోటిక్స్ కేంద్రానికి డైరెక్టరుగా వచ్చారు. 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. గుంటూరులో ఇన్నేళ్ళు ఉద్యోగంచేసి, ఆయన పేరు మనవడు చెప్తే వినటం నాకే సిగ్గనిపించింది.

ఇక 1986. ఆ అక్టోబరులో బర్కిలీలోనే, 400 గజాల ఎడంలో ఉన్న లారెన్స్ ప్రయోగశాలకూ విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్‌వర్కు వేగం సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయింది. కారణం మన ట్రంకు బుకింగే. కంప్యూటరు పంపిన ప్రతి పొట్లానికీ అవతలినుంచి రసీదు రావాలి, మన రోజుల్లో రిజిస్టరు పోస్టుకు వచ్చే ఎక్‌నాలెడ్జిమెంటు కార్డులాగా. రాకపోతే మళ్ళీ పంపుతుంది. అన్నీ మళ్ళీమళ్ళీ పంపేసరికి దారి పూడుకుపోయింది. లారెన్స్ ప్రయోగశాలలోని వాన్ జాకబ్‌సన్, మైకేల్ కరెల్స్‌తో కలిసి మందు కనిపెట్టి 1988లో ప్రకటించాడు. రసీదు రాలేదంటే దారి కిక్కిరిసిందని అర్థం చేసుకుని పంపటం ఒక్కసారిగా తగ్గించాలి. రసీదులు వస్తున్నకొద్దీ మెల్లగా పెంచాలి. ఎవరూ పైనుంచి ఆజ్ఞాపించనక్కరలేదు. బ్లాక్ ఉపాయమే, తీగనుండి పుట్టి తీగలోకే తిరిగివచ్చింది. దీని వెనుకనున్న గణితాన్ని 1998లో కేంబ్రిడ్జి ఆచార్యుడు ఫ్రాంక్ కెల్లీ, ఆయన సహచరులు విడమరచి చూపారు.

ఇదంతా చెప్పి మా మనవడు, "మళ్ళీ అలాంటి రోజే వస్తే ఒక్కసారి బుక్ చేసి ఊరుకుంటావా తాతయ్యా?" అని అడిగాడు. అక్కయ్య అక్కడుంటే ఊరుకోలేనురా అన్నాను.