ఇంటి బేరము – బయానా పత్రము

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఇంటి బేరము కుదిరినపుడు పెద్దమనుష్యుల యెదుట బయానా చేతులు మారును. స్టాంపు కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసికొని, మూడు నెలలకో ఆరు నెలలకో రిజిస్ట్రీ యని గడువు పెట్టుకొందురు. కొనువాడు ఆ కాగితమును పెట్టెలో దాచి, ఇల్లు తమదైనదని యిల్లాలితో చెప్పును. ఆ మాట యెంతవరకు నిజము? ఈ ప్రశ్నకు న్యాయస్థానములు చెప్పుచు వచ్చిన సమాధానముల చరిత్రయే నేటి నా ప్రసంగము.

ఈ సీమ 1800లో నిజామువలన కుంఫిణీవారికి సంక్రమించినది. చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి, 1970లో ఒంగోలు కేంద్రముగా నేర్పడిన జిల్లాలో చేరినది; దానికి 1972లో ప్రకాశము పేరు పెట్టిరి. ఇచటి వ్యాజ్యముల పై విచారణ యొకప్పుడు మదరాసులో, 1954 నుండి గుంటూరులో, 1956 నుండి హైదరాబాదులో, 2019 నుండి అమరావతిలో. హైకోర్టు ఊళ్లు మారినది గాని బయానా వ్యాజ్యమునకు ఆధారమైన సూత్రములు మారలేదు.

ఆ సూత్రములు రెండు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము ఒప్పందము మాత్రముచే ఇంటిపై హక్కు కలుగదు. రిజిస్టరు దస్తావేజు కావలెను. కనుక ఆ యిల్లాలు విన్నమాట నిజము కాదు. అయితే 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫు ఆక్టు వేరొక దారి చూపినది. ఇంటికి బదులు సొమ్ము సరిపోదని తలచి, దస్తావేజు వ్రాయించి యిమ్మని దావా వేయు హక్కును కొనువాని కిచ్చినది. డిక్రీ యైన పిదపను అమ్మినవాడు సంతకము చేయకున్న, కోర్టువారే వాని పక్షమున దస్తావేజు వ్రాసి యిప్పింతురు.

చిక్కంతయు గడువునందే యున్నది. స్థిరాస్తి బేరములో గడువు సాధారణముగా ప్రాణము వంటిది కాదని 1915లో ప్రీవీ కౌన్సిలు చెప్పినది. దావాకు చట్టము మూడేండ్ల కాలమిచ్చియుండగా, హక్కు విడిచిన పోకడ లేనిదే ఆలస్యమాత్రమున కొనువానిని త్రోసివేయరాదని 1964లో సుప్రీంకోర్టున తెలుగువాడగు కోకా సుబ్బారావుగారు తీర్పు చెప్పిరి. మరల 1997లో మధుర పట్టణపు ఇంటి వ్యాజ్యము వచ్చినది. వెల అరువదివేలు, బయానా అయిదువేలు, గడువు ఆరు నెలలు. కొనువాడు రెండున్నర యేండ్లు మిన్నకుండెను. ఈలోగా ఇండ్ల వెలలు మూడింత లాయెను. తీర్పు చెప్పినవారును తెలుగువారే, జీవన్ రెడ్డిగారు. పట్టణములలో వెలలు పెరుగుచుండగా గడువును అర్థము లేనిదిగా చూడరాదని, ఆ యిల్లు కొనువాని కిప్పింపలేదు.

ఈ రెండు తీర్పులును ఇద్దరు పేదల పక్షములని నాకు తోచును. పలకల పనిలో కూలి కూడబెట్టి బయానా ఇచ్చిన వానికి మొదటిది అండ. బిడ్డ పెండ్లికై ఇల్లమ్మి, మిగిలిన సొమ్ము రాక అప్పులపాలైన వానికి రెండవది అండ. ఆలస్యమువలని నష్టము ఎవరు మోయవలెనన్నదే అసలు తగవు.

2018 సవరణతో డిక్రీ యిచ్చుట న్యాయమూర్తి విచక్షణకు విడువక, చట్టము విధిగా చేసినది. అయినను కొనువాడు తాను సొమ్ముతో సిద్ధముగా నున్నట్లు రుజువు చేయవలెనను నియమము తొలగలేదు. ఎందరో ఓడిపోవుట ఇచటనే. సొమ్ము లేక కొందరు, సొమ్ముండియు సాక్ష్యము లేక కొందరు.

కావున బయానా ఇచ్చినవారు గడువు దాటకమునుపే, మిగిలిన సొమ్ము సిద్ధమని స్పీడు పోస్టులో వ్రాయుడు. బ్యాంకు పుస్తకము భద్రపరచుడు. పుచ్చుకొన్నవారు గడువు మీరినచో నోరు మెదపక యుండక, నోటీసు ఇండు. పెద్దమనుష్యుల మాట ఊరిలో చెల్లును. కోర్టులో కాగితము చెల్లును. ఇంటి తాళము చేతికి వచ్చువరకు ఈ రెండును కలిసి నడువవలెను.