తల్లి కోడి నుంచి హేచరీ దాకా: మన పెరటి కోళ్ళ కథ

ఏటా ఈ నివేదికలో పొదుపు, అప్పులు, వసూళ్ళ లెక్కలు చదువుకుంటాం. ఈసారి వాటితోపాటు కోడిపిల్లల చరిత్ర కూడా కొంచెం చెప్పుకుందాం. ఎందుకంటే సంఘంలో రుణ ప్రణాళిక రాసేటప్పుడు గేదె, మేకలు, కుట్టుమిషన్, కిరాణా కొట్టు అయ్యాక కోళ్ళ మాట రాక మానదు. ఆ వెనకే ఇంకో మాటా వస్తుంది: "కిందటిసారి తెచ్చిన పిల్లలు తెచ్చినట్టే పోయాయి వదినా, మళ్ళీ అప్పెందుకు?"

మన అమ్మమ్మల కాలంలో కోడిపిల్లల్ని డబ్బిచ్చి కొనడం అనేదే అరుదు. అయినా పెరట్లో కోళ్ళుండేవి. ఇప్పుడు డబ్బిచ్చి మంచి జాతి పిల్లల్ని తెస్తున్నాం, అయినా చాలా ఇళ్ళలో నెల తిరక్కుండానే గంప ఖాళీ. లోపం మన చేతిలో ఉందా, పిల్లల్లో ఉందా? జవాబు దొరకాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పుంజు కథలే మిగిలాయి

కోడి మొదట అడవి పక్షి. ఎర్ర అడవికోడి నుంచి ఇంటి కోడి వచ్చింది. ఆగ్నేయాసియాలో, దాదాపు 3,500 ఏళ్ళ కిందట, వరి, చిరుధాన్యాల సాగు మొదలైన ఊళ్ళ దగ్గర గింజల కోసం వచ్చిన అడవికోళ్ళు మెల్లగా మనుషులకు మాలిమి అయ్యాయని 2022లో వెలువడిన పరిశోధనలు చెబుతున్నాయి. మన దక్షిణాదికి కూడా ఇందులో వాటా ఉంది. ఇంటి కోడికి ఉండే పసుపు కాళ్ళు, పసుపు చర్మం ఇక్కడి అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చాయని 2008లో తేలింది.

తెలుగు నేలలో కోడి పేరు గట్టిగా వినిపించేది పల్నాటి కథలో. 12వ శతాబ్దంలో నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య పందెం జరిగిందనీ, ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలన్నది షరతనీ, చివరికది కారంపూడి యుద్ధం దాకా పోయిందనీ కథ. కారంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే కోడిపోరు. పందెగాళ్ళకు కుక్కుట శాస్త్రం ఉంది. డేగ, కాకి, నెమలి అంటూ ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లున్నాయి. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో లెక్కలున్నాయి.

ఆ పుంజును పొదిగిన పెట్ట గురించి మాత్రం ఎక్కడా మాట లేదు. పుంజు బరిలో ఉంటుంది, బరి చుట్టూ మగవాళ్ళుంటారు. పెట్ట పెరట్లో ఉంటుంది, దాని లెక్క ఆడవాళ్ళ నోట్లోనే ఉంటుంది. ఏ కోడి ఎప్పుడు పొదుగుకు వచ్చింది, ఎన్ని గుడ్లు పెట్టాం, ఎన్ని పిల్లలు లేచాయి, గద్ద ఎన్ని ఎత్తుకుపోయింది అన్నవన్నీ మన పెద్దలు కాగితం లేకుండానే చెప్పేవాళ్ళు. ఆ లెక్క ఎవరూ రాసి పెట్టలేదు.

పెరట్లో బ్యాంకు

నాటు పెట్ట లెక్క ఒకసారి వేసి చూద్దాం. విడతకు 10 నుంచి 15 గుడ్లు పెడుతుంది. దానికి రెండు మూడు వారాలు. తర్వాత 21 రోజులు పొదుగుతుంది. పిల్లలు లేచాక రెండు నెలల దాకా వాటిని వెంట తిప్పుకుంటుంది. అన్నీ కలిపితే విడతకు మూడు నెలల పైన. అంటే ఏడాదికి మూడు విడతలు, 40 గుడ్లకు అటూ ఇటూ. "నాటు కోడి గుడ్లు తక్కువ పెడుతుంది" అని అందరం అంటాం. మిగతా రోజుల్లో అది ఖాళీగా ఉందా? గుడ్లు పొదిగే యంత్రం పని, పిల్లల్ని వెచ్చగా ఉంచే దీపం పని, మేత వెతకడం నేర్పే పని, గద్దను చూసి కేకేసే కాపలా పని, అన్నీ ఒక్కతే చేస్తుంది. కరెంటు బిల్లు లేదు, జీతం లేదు.

దాని పక్కన ఆడవాళ్ళ పనీ ఉంది. గంపలో గడ్డి వేసి గుడ్లు పొదగేసేవాళ్ళు. ఉరుములకు గుడ్లు చెడతాయని కొన్ని ఇళ్ళలో ఇనప ముక్కో బొగ్గో పక్కన పెట్టేవాళ్ళు, అది నమ్మకం. పాత కుండలో పేడ, చెత్త నింపి పుట్ట దగ్గర బోర్లించి, మర్నాడు పట్టిన చెదలు పిల్లలకు వేసేవాళ్ళు. అది మాత్రం నమ్మకం కాదు, చిన్న పిల్లకు కావాల్సిన మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి.

తూర్పు గోదావరి మన్యంలోని ఆదివాసీ ఆడవాళ్ళు దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయారు. వాళ్ళ పద్ధతికి 'వాటా' అని పేరు. కోళ్ళున్నామె తన పెట్టను కోళ్ళు లేనామెకు ఇస్తుంది. ఆమె దాన్ని పెంచి, పొదిగించి, లేచిన పిల్లల్లో సగం ఇస్తుంది, సగం తను ఉంచుకుంటుంది. చేతిలో రూపాయి లేని ఆడమనిషి కూడా ఏడాది తిరిగేసరికి సొంత కోళ్ళదాన్నంటుంది. జామీను లేదు, కాగితం లేదు, వడ్డీ పిల్లల రూపంలోనే కడుతుంది. 1990లలో అంత్ర అనే సంస్థలోని పశువైద్య మహిళలు, అక్కడి గిరిజన దీపికతో కలిసి, తగ్గిపోతున్న అసీల్ కోళ్ళను మళ్ళీ పెంచడానికి ఈ వాటా పద్ధతినే ఆధారం చేసుకున్నారు. మన పొదుపు సంఘాలకు ముందే ఆడవాళ్ళ మధ్య అప్పు, నమ్మకం, తిరిగి కట్టడం ఉన్నాయనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆ బ్యాంకుకు ఒక పెద్ద శత్రువు ఉండేది, కొక్కెర తెగులు. 1927లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించడంతో మన దేశంలో దానికి రాణిఖేత్ వ్యాధి అని పేరు పడింది. అది వస్తే ఊరి కోళ్ళన్నీ వారం పది రోజుల్లో తుడిచిపెట్టుకుపోయేవి. 1940లలో ముక్తేశ్వర్ పరిశోధన సంస్థలో దీనికి టీకా తయారైంది. తల్లి కోడి తన పిల్లల్ని గద్ద నుంచి కాపాడగలదు గానీ ఈ తెగులు నుంచి కాపాడలేదు. పాత రోజులన్నీ బంగారం అనుకోకూడదు.

తల్లి లేకుండా పిల్ల

గుడ్లను తల్లి లేకుండా పొదిగించడం కొత్తేమీ కాదు. ఈజిప్టులో వేల ఏళ్ళ నుంచి మట్టి ఆవాల్లో పొదిగిస్తున్నారు. కానీ పిల్ల సరుకుగా మారడానికి ఇంకో సంగతి తోడ్పడింది. గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు పిల్ల పచ్చసొనను కడుపులోకి తీసుకుంటుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు మేత, నీళ్ళు లేకుండా బతకగలదు. గూట్లో మిగతా గుడ్లు లేచేదాకా ముందు లేచిన పిల్ల ఆగడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటిది. దాని ఆధారంగానే పిల్లల్ని అట్టపెట్టెల్లో దూరాలకు పంపడం మొదలైంది. 1918 నుంచి అమెరికా తపాలా శాఖ ఉత్తరాలతోపాటు కోడిపిల్లల్నీ చేరవేసింది.

రెండో మార్పు కోడిలోనే వచ్చింది. ఇటలీలోని లివోర్నో రేవు పేరు మీద లెగ్‌హార్న్ అని పిలిచే తెల్ల కోడి ప్రపంచమంతా పాకింది. పొదుగుకు వచ్చిన కోడి గుడ్లు ఆపేస్తుంది కాబట్టి, పొదగని పెట్టల్నే ఏరి ఏరి తరతరాలుగా సంతతి పెంచారు. చివరికి ఏడాదికి మూడొందల దాకా గుడ్లు పెట్టే కోడి తయారైంది. అది తల్లి కావడం మాత్రం మరిచిపోయింది.

మన దగ్గర 1960ల నుంచి హైదరాబాదు చుట్టుపక్కల, తర్వాత తణుకు, అనపర్తి ప్రాంతాల్లో లేయర్ ఫారాలు లేచాయి. 1982లో డాక్టర్ బి.వి. రావు చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడి, గుడ్డు ధర రైతులే చెప్పుకునే పద్ధతి వచ్చింది. గుడ్ల ఉత్పత్తిలో తెలుగు నేల దేశంలో ముందు వరసకు చేరింది. గుడ్డు పేదింటి కంచం దాకా వచ్చింది, అది మంచిదే. కానీ ఫారం పెట్టాలంటే షెడ్డు, పెట్టుబడి, బ్యాంకు అప్పు, పేరున పట్టా కావాలి. అవి చాలావరకు మగవాళ్ళ పేరునే ఉన్నాయి. కోడి పెరటి నుంచి షెడ్డులోకి పోయినప్పుడు, కోడి డబ్బులు కూడా మన కొంగు ముడి నుంచి జారిపోయాయి.

మళ్ళీ పెరట్లోకి

1982లో డ్వాక్రా మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డాక పొదుపు సంఘాలు ఊరూరా పాకాయి. సంఘం ఉన్న చోట ఆదాయ మార్గాల ప్రశ్న వచ్చింది, కోళ్ళు మళ్ళీ జాబితాలోకెక్కాయి.

ఇటు హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధన కేంద్రం పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ కోళ్ళను తయారుచేసింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి రాజశ్రీ వచ్చింది. ఇవి రంగురంగుల ఈకలతో నాటు కోడిలాగే ఉంటాయి, పెరట్లో తిరిగి మేస్తాయి, గుడ్లు ఏడాదికి వంద దాటుతాయి. అయితే రెండు సంగతులు పిల్లలమ్మేవాళ్ళు చెప్పరు. ఒకటి, వీటికి పొదిగే గుణం తక్కువ. రెండు, వనరాజా, గ్రామప్రియ సంకర రకాలు కాబట్టి, వాటి గుడ్లు పొదిగించినా పుట్టిన పిల్లలు తల్లంత ఫలితం ఇవ్వవు. అంటే ప్రతిసారీ పిల్లల్ని కొనాల్సిందే.

2009-10లో కేంద్రం పెరటి కోళ్ళ పథకం తెచ్చినప్పుడు, ఒక రోజు పిల్లల్ని నాలుగు వారాల దాకా పెంచి ఇచ్చే చోటికి 'మదర్ యూనిట్' అని పేరు పెట్టారు. తల్లి కోడి చేసే పని ఎవరో ఒకరు చెయ్యక తప్పదని ఆ పేరే ఒప్పుకుంటోంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు 31.7 కోట్లు. 2012 కంటే దాదాపు 46 శాతం ఎక్కువ. అదే కాలంలో ఫారం కోళ్ళు 4.5 శాతమే పెరిగాయి. పెరడు మళ్ళీ నిండుతోంది.

తల్లి పని ఇప్పుడు మనది

మొదట అడిగిన ప్రశ్నకు ఇక జవాబు చెప్పుకోవచ్చు. కొన్న పిల్లలో లోపం లేదు, మన చేతిలోనూ లేదు. ఆ పిల్ల తల్లి లేకుండా వచ్చింది. నాటు పిల్లలకు గింజలు చల్లి వదిలేసినట్టే దీన్నీ వదిలేస్తున్నాం. తల్లి పనులు నాలుగు, వాటిని మనం చెయ్యాలి.

వెచ్చదనం. మొదటి వారం పిల్ల దగ్గర 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉండాలి, తర్వాత వారానికి దాదాపు మూడు డిగ్రీలు తగ్గించాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన మామూలు బల్బు వేస్తే చాలు, వేడి ఇవ్వని ఎల్‌ఇడి బల్బు పనికిరాదు. కొలిచే పరికరం లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా చేరి అరుస్తుంటే చలి. దూరంగా పోయి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అంతటా పరుచుకుని తిరుగుతుంటే సరిపోయింది.

మేత. దిగిన వెంటనే ముందు నీళ్ళు, తర్వాతే మేత. మొదటి వారాల్లో ఉత్త నూకలు చాలవు, పిల్లల దాణా కావాలి.

కాపలా. నాలుగైదు వారాల దాకా బయట వదలకూడదు. గద్ద, కాకి, ముంగిస, పిల్లి వస్తే కేకేసే తల్లి వాటికి లేదు.

టీకా. ఇది తల్లి కూడా చెయ్యలేని పని. మొదటి వారంలో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో, రెండో వారం చివర గంబోరో, ఆరో వారానికి అమ్మతల్లి టీకా, ఎనిమిదో వారానికి కొక్కెరకు మళ్ళీ సూది. పశువైద్య సిబ్బందిని అడిగి తేదీలు ఖాయం చేసుకోవాలి.

సంఘం వల్ల అయ్యేది

ఇక్కడే సంఘం అవసరం తెలుస్తుంది. టీకా సీసా మామూలుగా వంద డోసులకు పైనే ఉంటుంది. కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. ఇరవై కోళ్ళున్న ఒక్క ఇంటికి అది దండగ. పది ఇళ్ళ సంఘానికి సరిగ్గా సరిపోతుంది. ఒకే రోజు పిల్లల్ని తెచ్చుకుంటే ఒకే రోజు టీకా వేయించవచ్చు. ఒక సభ్యురాలు నాలుగు వారాల దాకా పెంచే బాధ్యత తీసుకుంటే, మిగతావాళ్ళు గట్టిపడిన పిల్లల్ని తీసుకోవచ్చు. పిల్లకు కొంచెం ధర ఎక్కువైనా, ఆ డబ్బు మన సంఘంలోనే తిరుగుతుంది.

నాటు పెట్టను వదులుకోవద్దు. ఇంటికి రెండు పెట్టలున్నా ఏ ఏడు ధర పెరిగినా, సరఫరా ఆగినా మన విత్తనం మన దగ్గర ఉంటుంది. కోళ్ళు లేని కొత్త సభ్యురాలికి వాటా పద్ధతిలో ఒక పెట్టను ఇవ్వడానికి ఏ పథకమూ రానక్కర్లేదు.

చివరిగా లెక్క మాట. ఎంతమందికి కోళ్ళ అప్పిచ్చాం, ఎన్ని పిల్లల్ని పంచాం అనే గడులు మన పుస్తకాల్లో ఉన్నాయి. ఎనిమిది వారాలకు ఎన్ని బతికి ఉన్నాయి, గుడ్ల డబ్బు ఎవరి చేతికి వచ్చింది అనే రెండు గడులు కూడా చేర్చుకుందాం. ఆ లెక్క మన అమ్మమ్మలకు నోటికొచ్చు. మనం దాన్ని రాసి పెడితే, వచ్చే ఏడు అప్పు అడిగే చెల్లెలికి ఏం చెప్పాలో ఆ పుస్తకమే చెబుతుంది.