మనవడి ఆటలో హైదరాబాదు విమానాలు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు మన లాలాగూడ కార్ఖానా గురించే వ్రాద్దామనుకొన్నాను. నిజాం రైల్వే కాలంలో, 1893లో మొదలైన ఆ కార్ఖానా కూత వింటూ బ్రతికినవాళ్ళం మనం. కానీ ఈ మధ్య మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను పట్టాల మీదనుంచి ఆకాశంలోకి తీసుకుపోయింది. జీవితమంతా ఇనుముతో గడిపినవాడికి విమానాల గొడవ ఎందుకని నవ్వుకోకండి. చివరకు మళ్ళీ మన షాపు దగ్గరికే వస్తాను.

మా అమ్మాయి కొడుకు ఉస్మానియాలో ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నాడు. తార్నాకలో మా దగ్గరే ఉంటాడు. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటరు ముందు చేరి, చేతిలో గేరు కర్రలాంటిది ఒకటి పట్టుకొని విమాన యుద్ధాలు చేస్తాడు. ఒక రాత్రి నిద్ర పట్టక నేను పక్కన కుర్చీ వేసుకొని చూశాను. వాడి విమానం శత్రువు వెనక పడి, గిరికీలు కొట్టి, తలక్రిందులై, నేలకు కొట్టుకొని ముక్కలైంది. వాడు నవ్వి ఒక మీట నొక్కాడు. కొత్త విమానం వచ్చింది. గంటలో పదకొండుసార్లు చచ్చి పదకొండుసార్లు బ్రతికాడు.

"ఒరేయ్ నాన్నా, పడినప్పుడల్లా నవ్వుతావేమిట్రా? అందులో ఒక మనిషి ఉన్నాడనుకోవా?" అన్నాను.

"పడకపోతే ఎట్లా వస్తుంది తాతయ్యా?" అన్నాడు.

వట్టి ఆటే అయితే ఆ మాట అక్కడితో మరచిపోయేవాణ్ణి. కానీ వాడు వైమానిక దళంలో పైలట్ శాఖకు దరఖాస్తు పెడతానంటున్నాడు. వాళ్ళమ్మ వద్దంటున్నది. "నాన్నా, నువ్వే చెప్పు వాడికి" అని భారం నా నెత్తిన పెట్టింది. చెప్పేముందు తెలుసుకోవాలి గదా అని నాలుగు పుస్తకాలు తిరగేశాను. అందులో మన ఊరి పేరే ఎదురైంది.

నిజాం ప్రభువు విమానాలు దానమిచ్చాడని మన చిన్నప్పుడు పెద్దలు చెప్పుకొనేవారు. అది కట్టుకథ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో, బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఏ అనే విమానాలు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా వచ్చాయి. ఆ దళానికి హైదరాబాదు పేరే పెట్టారు. విమానాల ఒంటి మీద దాత పేరు వ్రాశారు. అవి పగటిపూట జర్మనీ పట్టణాల మీదికి వెళ్ళి బాంబులు వేసే విమానాలు. యుద్ధం ముగిసే లోపల, రెండు నెలల్లోనే, వాటిలో 17 శత్రు భూభాగం మీదికి వెళ్ళి తిరిగిరాలేదు.

ఆ విమానాలలో ఒకటి ఇప్పటికీ ఉన్నది. దాని నంబరు ఎఫ్ 1010. 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కి బెర్లిను ప్రదర్శనశాలలో నిలిచింది. రెండో యుద్ధంలో పోలండు చేరింది. 1977లో బ్రిటన్ వారు ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని ఇచ్చి, దానికి బదులుగా దీనిని లండనులోని తమ వైమానిక మ్యూజియంకు తెచ్చుకొన్నారు. నిజాం ఖజానా అంటే ఈ నేల రైతు కట్టిన శిస్తే కదా! ఆ లెక్కన మన తాతల చెమటలో ఒక బొట్టు ఇప్పటికీ లండనులో రెక్కలు చాచుకొని ఉన్నదన్నమాట.

ఆ కాలంలోనే గాలిలో ముఖాముఖి పోరాటం ఒక విద్య అయింది. ఇంగ్లీషువారు దానికి కుక్కల కొట్లాట అని పేరు పెట్టారు. ఒకదాని తోక మరొకటి పట్టుకోవాలని చుట్టూ తిరగడమే దాని సారం. తుపాకులు ముందుకే కాలుస్తాయి కనుక శత్రువు వెనక చేరినవాడిదే గెలుపు. జర్మనీకి చెందిన ఓస్వాల్డ్ బోల్కే 1916లో ఈ విద్యకు సూత్రాలు కూర్చాడు. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకో, బాగా దగ్గరికి వచ్చాకే కాల్చు, మొదలుపెట్టిన దాడిని మధ్యలో వదలకు అని. మాక్స్ ఇమ్మెల్‌మన్ అనే మరొకాయన పేరుతో ఒక పల్టీయే ఉన్నది. శత్రువును దాటిపోయి, నిట్టనిలువుగా పైకి లేచి, కొసన తిరగబడి మళ్ళీ వాడి మీదికే దూకడం. మా మనవడు పదకొండుసార్లు పడింది ఈ పల్టీ నేర్చుకొనే ప్రయత్నంలోనే.

ఇంతకూ ఆ గురువులిద్దరి గతి ఏమైంది? ఇమ్మెల్‌మన్ 1916 జూన్‌లో నేలకూలాడు. సూత్రాలు కూర్చిన బోల్కే అదే అక్టోబరు 28న తన పక్షం విమానమే రెక్కకు తగిలి పడిపోయాడు. ఇద్దరికీ వయస్సు ఇరవై ఐదే. మన దేశంవాడు, కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్, 1918 జూలైలో రెండు వారాలైనా నిండకముందే పది విజయాలు సాధించి, ఆ నెల 22న ఫ్రాన్సు మీద ప్రాణం విడిచాడు. అతనికి పంతొమ్మిదేళ్ళు. కత్తిమీద సాము అంటారే, ఆ కత్తి ఎవరినీ గురువని గానీ పసివాడని గానీ చూడలేదు.

రెండవ యుద్ధంలో హైదరాబాదు పేరు మళ్ళీ ఆకాశమెక్కింది. 152, 253 అనే రెండు ఫైటర్ స్క్వాడ్రన్లకు మన సంస్థానం పేరు పెట్టారు. 152వ దళం స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా, అదే దస్తార్, ఉండేది. 253వ దళం నడిపినవి హరికేన్లు. 1940లో జర్మనీ వాయుసేన ఇంగ్లండు మీద విరుచుకుపడ్డప్పుడు ఈ రెండూ పోరాడాయి. ఆ నాలుగు నెలల యుద్ధంలో బ్రిటన్ పక్షాన ఎగిరినవారు దాదాపు 2,900 మంది. వారిలో 544 మంది ఆ యుద్ధంలోనే అసువులు బాశారు.

253వ దళం కథ వినండి. 1940 ఆగస్టు 31 ఉదయం దాని నాయకుడు హెరాల్డ్ స్టార్ మరణించాడు. దళం బాధ్యత టామ్ గ్లీవ్ మీద పడింది. ఆ మధ్యాహ్నమే గ్లీవ్ హరికేన్‌కు నిప్పంటుకొన్నది. గొడుగు సాయంతో దిగాడు గానీ ముఖం, చేతులు, కాళ్ళు కాలిపోయాయి. ఆర్చిబాల్డ్ మెకిండో అనే శస్త్రవైద్యుడు చర్మం అతికి అతణ్ణి నిలబెట్టాడు. అలా కాలి బ్రతికిన విమానవీరులు 1941లో ఒక సంఘం పెట్టుకొన్నారు. ప్రయోగాలకు వాడే చిన్న జంతువు పేరు, గినీ పిగ్, తమ సంఘానికి తామే పెట్టుకొని నవ్వుకొన్నారు. మొదటి ముఖ్యుడు గ్లీవే. హైదరాబాదు పేరున్న దళానికి ఒకే రోజున ఇద్దరు నాయకులు లేకుండా పోయారు.

ఇప్పుడు మన షాపు వారికి నచ్చే సంగతి. స్పిట్‌ఫైర్, హరికేన్ రెండింటికీ ఇంజను మెర్లిన్. దానిలో పెట్రోలు కార్బురేటరు ద్వారా వెళ్ళేది. విమానం ముక్కును ఉన్నట్టుండి క్రిందికి తోస్తే ఆ కార్బురేటరులోని పెట్రోలు పైకి ఎగదన్ని, ఇంజను దగ్గి ఆగిపోబోయేది. జర్మను మెస్సర్‌స్మిట్‌కు పెట్రోలు సరాసరి సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటుంది. కనుక అది ముక్కు వంచి జారుకొనేది. వెంటపడాలంటే మనవాళ్ళు ముందు విమానాన్ని వెల్లకిలా తిప్పి ఆపైన క్రిందికి లాగాలి. అలా తిరిగే లోపల శత్రువు దక్కేవాడు కాడు, ఒక్కొక్కప్పుడు తమ ప్రాణమే దక్కేది కాదు.

ఈ రోగానికి తాత్కాలిక మందు కనిపెట్టింది ఒక మహిళా ఇంజనీరు, బియాట్రిస్ షిల్లింగ్. పెట్రోలు దారిలో, లెక్కగట్టి చిల్లు పెట్టిన చిన్న ఇత్తడి బిళ్ళ ఒకటి అమర్చింది. ఇంజనుకు కావలసినంత పెట్రోలే పోతుంది, అంతకు మించి పోదు. 1941 మొదటి నెలల్లో తానే చిన్న బృందంతో విమాన స్థావరాలు తిరిగి వాటిని పెట్టించింది. చూశారా! ఆకాశంలో వీరుడి సాహసం వాషరంత బిళ్ళ మీద ఆధారపడ్డది. పేపర్లలో పైలట్ల ఫొటోలు పడ్డాయి. ఆ బిళ్ళను లేతు మీద తీసిన టర్నరు పేరు ఎవరికి తెలుసు? బోగీలు కట్టి పంపిన మనకు ఆ సంగతి వేరే చెప్పాలా?

మా వాణ్ణి పిలిచి ఇది చెబితే, "తాతయ్యా, చూడు" అని హరికేన్ తీసి ముక్కు క్రిందికి తోశాడు. తెర మీద ఇంజను దగ్గింది! ఎనభై ఏళ్ళు దాటిన ఆ దగ్గును కూడా ఆట చేసినవాళ్ళు వదలలేదు. గట్టిగా మలుపు తిప్పితే తెర మసకబారింది. నిజమైన మలుపులో ఐదు రెట్ల భారం పడితే 60 కిలోల మనిషి 300 కిలోల మనిషవుతాడు, నెత్తురు తలనుంచి క్రిందికి దిగి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఆట ఆ చీకటిని చూపగలదు. భారాన్ని చూపలేదు.

అయితే కూర్చున్నచోటే ఎగరడం నేర్పే ఈ ఉపాయం నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆ వాద్యాల తిత్తులు, గాలి పంపులే వాడి 1929 నాటికి ఈయన ఒక చిన్న విమానం బొమ్మను చేశాడు. లోపల కూర్చొని కర్ర కదిపితే తిత్తులలోకి గాలి ఎక్కి దిగి బొమ్మ వంగేది, లేచేది. గాలిని తీసి, వదిలి పని చేయించడం వాక్యూమ్ బ్రేకు సిలిండర్లు విప్పి బిగించిన మన చేతులకు క్రొత్త కాదు గదా! మొదట జనం దానిని తిరునాళ్ళ బొమ్మ అనుకొన్నారు. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే పని అప్పగిస్తే, మంచులో మబ్బులో ఎగరడం రాక కొద్ది వారాల్లోనే పలువురు పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆరు లింక్ బొమ్మలు కొన్నది. రెండవ యుద్ధం ముగిసేసరికి లక్షలాది మంది వాటిలోనే మొదటి పాఠం నేర్చుకొన్నారు. 1980 ప్రాంతాన బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీరు ఆ విద్యను ఇంటి కంప్యూటరులోకి తెచ్చాడు. మా మనవడి ఆట ఆ వంశంలోనిదే.

మన ఊరికీ ఈ విద్యతో బంధుత్వం ఉన్నది. రెండవ యుద్ధకాలంలో బేగంపేటలో ప్రాథమిక విమాన శిక్షణ నడిచింది. హకీంపేటలో యుద్ధ విమానాల శిక్షణ సాగింది. 1971 నుంచి దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉన్నది. లాలాగూడ డాబాల మీద వడియాలు పెట్టుకొనే ఆడవాళ్ళు తలెత్తి చూసిన ఆ శిక్షణ విమానాల వెనక, నేల మీద కుర్చీలో ఎన్నో గంటల అభ్యాసం ఉంటుంది.

ఇక మా వాడి మాటకు వస్తాను. "పడకపోతే ఎట్లా వస్తుంది?" అప్రెంటీసుగా చేరిన మొదటి నెలల్లో నాకిచ్చింది పనికిరాని ఇనుప ముక్క. ఆకురాయితో దానిని చదరంగా తీయాలి. చదరం రాలేదు, ముక్క చెడింది. మేస్త్రి మరొకటి ఇచ్చాడు, అదీ చెడింది. విసుగుపుట్టి ఒకరోజు ముక్కను విసిరేశాను. ఆయన కోప్పడలేదు. "ఇది చెడితే చెడనీ. రేపు నువ్వు చేసేది బండికి పోతుంది. ఆ బండిలో జనం ఉంటారు" అన్నాడు. ఆ ఒక్కమాట మీదనే నా సర్వీసంతా నడిచింది.

కనుక మా మనవడు చెప్పింది తప్పు కాదు. పడటానికి ఒక చోటు ఉండాలి. బోల్కేకు, ఇంద్రలాల్‌కు అలాంటి చోటు లేదు. వాళ్ళు నేర్చుకొన్నదీ పరీక్ష వ్రాసిందీ ఒకే ఆకాశంలో. వాళ్ళు పడిన తరువాతనే ఏ మలుపు ఎంతవరకు తిప్పవచ్చునో లోకానికి తెలిసింది. ఈనాటి పిల్లవాడు మీట నొక్కి మళ్ళీ బ్రతుకుతున్నాడంటే, ఆ మీట వెల ఎవరో ముందే కట్టారు.

ఈ సంగతులన్నీ ఒక ఆదివారం మా వాణ్ణి, వాళ్ళమ్మను ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పాను. స్టార్ గురించి, కాలిన ముఖంతో మళ్ళీ పనిలో చేరిన గ్లీవ్ గురించి చెబుతున్నప్పుడు వాడు ఒక్కసారి కూడా నవ్వలేదు. వెళ్ళమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. "భయం తెలిసి వెళ్తానంటే నీ ఇష్టం. ఆటలో నవ్వినట్టు నవ్వుతూ వెళ్తానంటే మాత్రం నేనొప్పుకోను" అన్నాను. మా అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వాడు మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. హరికేన్ పడిపోయింది. వెంటనే మీట నొక్కలేదు. కాసేపు తెర వైపు చూసి, "తాతయ్యా, ఎత్తు సరిపోకముందే తిప్పాను" అన్నాడు. తరువాత ప్రొద్దుపోయేదాకా ఒకే పల్టీ నెమ్మదిగా సాధన చేశాడు. దరఖాస్తు వారం తరువాత పెట్టాడు. ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చొని పుట్టిన తేదీ సరిచూసింది వాళ్ళమ్మే.

మిత్రులారా, మన ఇళ్ళలో పిల్లలు ఆడే ఆటలను విసుక్కొని తలుపు వేసుకోకండి. ఒక్కసారి పక్కన కూర్చొని చూడండి. వాళ్ళకు తెలియని వెనకటి కథ మన దగ్గర ఉంటుంది, మనకు తెలియని ముందటి కథ వాళ్ళ దగ్గర ఉంటుంది. రెండూ కలిస్తేనే చరిత్ర. సెలవు.