ఎల్లోరా నీడలు – ఫ్రెంచి వాద్యబృందము

సీతాఫల్‌మండి వాసులకు రైలుకూత చిరపరిచితము. చేరువనున్న సికింద్రాబాదునుండి నాటి ఔరంగాబాదు మీదుగా మన్మాడు వరకు మీటరుగేజి మార్గము 1900 ప్రాంతమున సిద్ధమైనది. ఔరంగాబాదు చేరినవారికి ఎల్లోరా గుహలు దగ్గర. నాడవి హైదరాబాదు సంస్థానములోనివి. 1956 పిదపనే మనకు పొరుగు రాష్ట్రమునకు చెందినవైనవి. 1909లో ఆ గుహలను దర్శించిన విదేశీయులలో ఆల్బేర్ రూసెల్ అను ఫ్రెంచి స్వరకర్త ఒకడు. అచట ఆయన పొందిన అనుభూతి వాద్యబృందమున ఏ రూపము దాల్చెనో, దానిని మనమెట్లు వినవలెనో విచారింతము.

రూసెల్ 1869లో జన్మించెను. యౌవనమున నౌకాదళములో పనిచేసి, 1894లో ఆ కొలువు విడిచి సంగీతమునకు అంకితుడయ్యెను. భారతదేశ యాత్రనుండి మరలిన పిదప, 1910–11 సంవత్సరములలో 'ఎవొకాసియోఁ' అను కృతిని రచించెను. మనస్సులో నిలిచిన దృశ్యములను మేల్కొలుపుట యని దాని భావము. ఇందు మూడు ఖండములు కలవు: గుహల నీడలోని దేవతలు, గులాబి నగరము, పవిత్రనదీతీరము. ఎల్లోరా మొదటిదానికి, జయపురము రెండవదానికి, కాశి మూడవదానికి ప్రేరణములు. 1912లో పారిసున దీనిని తొలిసారి వినిపించిరి.

అది ఐరోపా సంగీతము మలుపు తిరుగుచున్న కాలము. 1889 పారిసు ప్రదర్శనమున జావా వాద్యగోష్ఠిని విని ముగ్ధుడైన డెబుస్సీ, 1905లో సముద్రముపై రచించిన కృతితో నాదవర్ణమునకే ప్రాధాన్యమొసగెను. 1913లో స్ట్రావిన్‌స్కీ వసంతోత్సవ నృత్యకృతి వెలువడగా, లయలోని తీవ్రతకు ప్రేక్షకులు కొందరు కేకలు వేసిరి. రూసెల్ కృతి ఈ రెండింటి నడుమ వెలువడినది.

ఎల్లోరా అనగానే మన చెవి తంబురా శ్రుతిని, ఒక రాగచ్ఛాయను ఆశించును. మొదటి ఖండమున అవి దొరకవు. తనకు భారతదేశమే ప్రేరణమైనను, కృతిలో దేశము అస్పష్టముగా నిలువవలెనని రూసెల్ తలచెను. తరువాత 1923లో ప్రదర్శితమైన 'పద్మావతి' నాటకమున మన స్వరక్రమములను వాడిన రచయితయే ఇచట వేరుదారి పట్టెను.

పేరు చెరిపిన ఈ చిత్రమును మనదని అక్కున జేర్చుకొందుమా, పరాయిదని త్రోసిపుచ్చుదుమా? ఊరిపేరు లేనందుకు నొచ్చుకొనుట న్యాయమే. కాని ఆయన గుహలనుండి తీసికొన్నది రాగమును కాదు, చీకటిని. ఎండలోనుండి గుహలో అడుగిడినవానికి మొదట ఏమియు కానరాదు. క్రమముగా స్తంభము, పిదప దేవతాముఖము తోచును. ఈ సంగీతమును వినుటయు అట్టిదే. మన కచేరీలో కదలని శ్రుతిపై ఒక్క రాగరేఖ విప్పారును. ఇచట పలు రేఖలు ఒక్కసారి నడచును, క్రింది ఆధారము సైతము కదలును. కావున మొదటిసారి పల్లవికై వెదకవలదు. నాదము ఎచట చిక్కనగునో, ఎచట పలుచనగునో గమనించిన చాలును. రెండవసారి ఏ వాద్యము ఏ వాద్యముతో జతకూడుచున్నదో వినవలెను. మూడవసారి స్వరరేఖలు వాటంతట అవియే విడివడి వినబడును.

ఆలాపనలో రాగము రూపుగట్టువరకు నిరీక్షించు ఓర్పు మన శ్రోతలకు పూర్వమే కలదు. పైగా ఒకే కొండను తొలిచి దింపిన కైలాసమును కన్నులార చూచినవారు మనలో ఎందరో కలరు. రూసెల్ అస్పష్టముగా విడిచిన చోటికి పేరు, రాతికి రూపము చేర్చి వినగలవారము మనమే.