పేరు లేని కవిత, పేరు లేని పాఠకుడు: విద్యార్థి విశ్లేషణకు ప్రతిస్పందన – ఒక చారిత్రక పరిశీలన

ఐ.ఎ. రిచర్డ్స్ రచించిన ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ (1929) నిశిత పఠనానికి మూలగ్రంథంగా ప్రసిద్ధం. అయితే అందులో గణనీయమైన భాగం విద్యార్థులు రాసినదే. విద్యార్థి విశ్లేషణను ఎలా చదవాలి, దానికి ఎలా బదులు చెప్పాలి అన్న ప్రశ్న చరిత్రలోనూ ఆ గ్రంథానికి స్థానముందని ఈ వ్యాసం ప్రతిపాదన.

1920లలో కేంబ్రిడ్జిలో రిచర్డ్స్ కవి పేరు చెప్పకుండా కవితలను పంచి, వారం గడువిచ్చి, అభిప్రాయాలు రాసి ఇమ్మన్నాడు. రాసేవారూ పేరు వెల్లడించనక్కరలేదు. ‘ప్రోటోకాల్స్’ అని ఆయన పిలిచిన ఆ రాతలను, కవితతో పాటు తరువాతి ఉపన్యాసంలో చర్చించాడు. గ్రంథంలోని 13 కవితలలో డన్, హాప్కిన్స్, హార్డీ, లారెన్స్, లాంగ్‌ఫెలో రచనలున్నాయి. కవి పేరుతో పాటే అతని ప్రఖ్యాతి కూడా పక్కకు తొలగింది. లాంగ్‌ఫెలో కవితను చాలామంది తిరస్కరించారు. లారెన్స్ ‘పియానో’ను అతిభావుకత అని కొట్టివేసినవారూ ఉన్నారు. వాచ్యార్థమే అందకపోవడం, సొంత జ్ఞాపకాలను కవితలోకి చొప్పించడం, అలవాటుపడిన స్పందనలు, ముందే స్థిరపడిన విమర్శ సూత్రాలు – ఇలా పాఠకుల చిక్కులను రిచర్డ్స్ పది రకాలుగా విభజించాడు. నేటికీ విద్యార్థి వ్యాసం దిద్దేటప్పుడు ఈ వర్గీకరణ అక్కరకు వస్తుంది.

లోపం వేరేచోట ఉంది. విద్యార్థి తన వాక్యాన్ని ఒక దోషానికి ఉదాహరణగా విన్నాడు. దానికి సమాధానం చెప్పే వీలు అతనికి లేదు. సహాధ్యాయి రాత కూడా ఆచార్యుని నోటి ద్వారానే అందింది. అజ్ఞాతత్వం నిర్మొహమాటాన్ని ఇచ్చింది, ప్రత్యుత్తరాన్ని తీసివేసింది. అదే రిచర్డ్స్ వద్ద ముఖాముఖి చదువుకున్న విలియం ఎంప్సన్ విద్యార్థిదశలో మొదలుపెట్టిన ఆలోచన ‘సెవెన్ టైప్స్ ఆఫ్ యాంబిగ్యుటీ’ (1930) గ్రంథంగా ఎదగడం గమనార్హం.

సహాధ్యాయుల మధ్య నేరుగా చర్చ జరగాలన్న వాదానికి ఒక ముఖ్యమైన ఆధారం సాహిత్యశాఖ నుంచి కాక వైద్యవిద్య నుంచి వచ్చింది. లండన్‌లో ఎం.ఎల్.జె. అబర్‌క్రాంబీ వైద్యవిద్యార్థులకు ఎక్స్‌రే చిత్రాలు చూపి, తాము చూసినదాన్ని పరస్పరం చర్చించుకోనిచ్చింది. ఒకే చిత్రంలో ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చూశారు. చర్చలో తమ ఊహలు తమకే తెలిసివచ్చాయి. ఈ అనుభవమే ‘ది అనాటమీ ఆఫ్ జడ్జ్‌మెంట్’ (1960). దీన్ని అమెరికాలో కెనెత్ బ్రఫీ రచనాబోధనకు అన్వయించాడు. 1984లో వెలువడిన ఆయన వ్యాసం సహాధ్యాయ సమీక్షకు సిద్ధాంత బలం చేకూర్చింది. అయితే ఏకాభిప్రాయానికి ఆయన ఇచ్చిన ప్రాధాన్యాన్ని 1989లో జాన్ ట్రింబర్ ప్రశ్నించాడు.

ట్రింబర్ శంక సామాజికమైనది. తెలుగు శాఖలో దానికి భాషాపరమైన రూపం కూడా ఉందని నా అభిప్రాయం. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లోని ఒక పద్యానికి బృందంలోని అయిదుగురూ రామాయణార్థం మాత్రమే చెప్పి, ఒకరి విశ్లేషణను ఒకరు మెచ్చుకొన్నారనుకొందాం. అక్కడ ఏకాభిప్రాయం పూర్తిగా ఉంది. భారతార్థం మాత్రం లేదు. అది ఉందని ఎవరో ఒకరు చెప్పవలసిందే. ఆచార్యుడు ఆ మాట చర్చకు ముందే చెబితే చర్చకు మిగిలేది తక్కువ. తరువాత చెబితే, ఆ అయిదు వ్యాసాలనూ మళ్ళీ రాయించే వ్యవధి సెమిస్టరులో ఉండాలి.